తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ: ఎక్కడ సర్దుకోవచ్చు, ఎక్కడ సర్దుకోకూడదు

మొదటిసారి సొంతంగా గేమింగ్ పీసీ కట్టుకుందాం అనుకున్నవాళ్లు దాదాపు అందరూ ప్రాసెసర్ దగ్గరే మొదలుపెడతారు. ఐ5 తీసుకోవాలా, రైజెన్ 5 తీసుకోవాలా, ఇంకాస్త పెడితే ఐ7 వస్తుంది కదా... ఇలా రోజుల తరబడి వీడియోలు చూసి, బడ్జెట్‌లో పెద్ద ముక్క అక్కడే ఖర్చుపెట్టేసి, గ్రాఫిక్స్ కార్డ్ దగ్గరికి వచ్చేసరికి మిగిలిన డబ్బుకి ఏదొస్తే అది కొంటారు. ఆఫీసు పనికైతే ఫర్వాలేదు కానీ గేములకి ఇది పూర్తిగా తలకిందుల లెక్క.

బడ్జెట్ చిన్నదైనప్పుడు "ఏది బెస్ట్" అన్న ప్రశ్నతో పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ బెస్ట్ ఎలాగూ బడ్జెట్‌లో ఉండదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ పార్ట్‌ని రెండేళ్ల తర్వాత మిగతా పీసీని కదపకుండా మార్చుకోగలమా? ఎస్‌ఎస్‌డీ ఇంకోటి పెట్టుకోవడం కాసేపటి పని. అదే మదర్‌బోర్డ్ మార్చాలంటే మొత్తం విప్పాలి, సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) మారితే ప్రాసెసర్ కూడా మార్చాలి, ఒక్కోసారి ర్యామ్ కూడా. నాసిరకం పవర్ సప్లై అయితే పోతూ పోతూ పక్కనున్నవాటిని కూడా తీసుకుపోగలదు. కాబట్టి సులువుగా మారేవాటి దగ్గర ఇప్పటికి సర్దుకోవచ్చు, మార్చడం కష్టమైనవాటి దగ్గర సర్దుకోకూడదు. ఈ లెక్కకి ఒకటే మినహాయింపు, గ్రాఫిక్స్ కార్డ్. అది మార్చడం సులువే, కానీ గేములు ఆడేదే దాని మీద కాబట్టి అక్కడ మరీ చెయ్యి బిగబడితే ఇక పీసీ కట్టడం ఎందుకు?

అసలు పార్ట్స్ లిస్టు రాసుకునే ముందే మానిటర్ సంగతి తేలాలి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, కానీ మిగతా అన్నిటికీ కొలత ఇదే. 1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. అంటే 1080పీ నుంచి 4కేకి వెళ్తే గ్రాఫిక్స్ కార్డ్ ప్రతి ఫ్రేమ్‌కీ నాలుగింతల పిక్సెల్స్ గీయాలి. మరోవైపు రిఫ్రెష్ రేట్ ఉంది, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు మారుతుందన్నది. సెకనుకి 60 ఫ్రేములకైతే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్ల టైమ్ దొరుకుతుంది, 144కి వెళ్తే 6.9 మిల్లీసెకన్లే. రిజల్యూషన్ పెరిగితే భారం ఎక్కువగా కార్డ్ మీద పడుతుంది, ఫ్రేములు పెరిగితే కార్డ్‌తో పాటు ప్రాసెసర్ మీద కూడా పడుతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి 144లో ఆడాలనుకునేవాళ్లకీ, కథ ఉన్న పెద్ద గేములు 60లో ప్రశాంతంగా ఆడుకునేవాళ్లకీ ఒకే లిస్టు సరిపోదు. మొదటి బడ్జెట్ పీసీకి 1080పీ, 144 లేదా ఆపైన రిఫ్రెష్ రేట్, ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం తెర), ఫ్రీసింక్ లాంటి అడాప్టివ్ సింక్ ఉన్న మానిటర్ సరైన చోటు. ఫ్రేములు పైకీ కిందకీ ఊగుతున్నప్పుడు తెర చిరిగినట్టు కనపడకుండా ఈ సింక్ కాపాడుతుంది, బడ్జెట్ కార్డ్‌లో ఫ్రేములు ఊగడం మామూలే కదా.

ఇక గ్రాఫిక్స్ కార్డ్. మానిటర్, కీబోర్డ్ పక్కన పెట్టి, టవర్ ఖర్చులో 35 నుంచి 45 శాతం దీనికే పోవడం సహజం. అంతకంటే బాగా తక్కువ పోతోందంటే ఇంకెక్కడో అనవసరంగా పెడుతున్నట్టు లెక్క. ఇక్కడ జనం ఎక్కువగా వాదించుకునేది వీర్యామ్ (కార్డ్ సొంత మెమరీ) గురించి, ఆ వాదనలో నిజం ఉంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండిట్లోనూ 16 జీబీ ఉమ్మడి మెమరీ ఉంది. పాత కన్సోళ్లకి కూడా గేములు చేసినన్నాళ్లూ స్టూడియోలు పొదుపుగానే ఉన్నాయి, వాటిని వదిలేశాక టెక్స్చర్ల (గేములో గోడలు, వస్తువుల మీద అతికించే బొమ్మల) సైజు ఒక్కసారిగా పెరిగింది. 8 జీబీ కార్డ్ 1080పీలో ఇప్పటికీ నడుస్తుంది, కానీ కొత్త గేముల్లో అన్నీ అల్ట్రాలో పెడదామంటే కుదరదు. వీర్యామ్ నిండిపోయినప్పుడు సగటు ఫ్రేములు పెద్దగా పడకపోవచ్చు, బెంచ్‌మార్క్ గ్రాఫ్‌లో తేడా కనపడకపోవచ్చు, ఆడేటప్పుడు మాత్రం మలుపు తిరగ్గానే చిన్నగా ఆగడం, గోడ మీద బొమ్మ మసగ్గా వచ్చి కాసేపటికి తేరుకోవడం లాంటివి తెలుస్తాయి. అందుకే రివ్యూ చూసేటప్పుడు సగటు పక్కనే ఉండే "1 పర్సెంట్ లో" (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) అంకె కూడా చూడాలి. ఒకే ధరకి 8 జీబీ, 12 జీబీ కార్డులు దాదాపు ఒకే వేగంతో దొరికితే ఆలోచించే పనే లేదు, 12 తీసుకోవడమే. అలాగని మెమరీ అంకె ఒక్కటే చూసి నీరసమైన చిప్ కొనడం కూడా తెలివి కాదు.

పేర్ల దగ్గర జరిగే గారడీ ఇంకో గొడవ. జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీ రెండు రకాలు అమ్మారు, తేడా మెమరీలోనే అనుకుంటాం, కానీ 3 జీబీదాంట్లో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా తక్కువే, 1152. రెండోదాంట్లో 1280. ఆర్టీఎక్స్ 3050 కూడా అంతే, 8 జీబీదాంట్లో 2560 కోర్లు, తర్వాత వచ్చిన 6 జీబీదాంట్లో 2304, మెమరీ బస్ (మెమరీకి వెళ్లే దారి) కూడా ఇరుకు. జీటీ 1030 అయితే మరీ దారుణం, అదే పేరుతో డీడీఆర్4 మెమరీ పెట్టి అమ్మినదాంట్లో మెమరీ వేగం అసలుదాంట్లో మూడో వంతు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసిన పేరు నమ్మకుండా, కోర్లెన్ని, మెమరీ ఎంత, ఏ రకం అన్నది చూసుకోవాలి.

అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి తెరకి సరిపడా పెద్దది చేయడం) గురించి రెండు ముక్కలు. ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ ఆర్టీఎక్స్ కార్డుల్లోనే పనిచేస్తుంది, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ పాత వెర్షన్లు ఏ కంపెనీ కార్డులోనైనా నడుస్తాయి. బడ్జెట్ కార్డ్ ఆయుష్షుని ఇవి నిజంగానే పెంచుతాయి. కానీ ఫ్రేమ్ జనరేషన్‌తో వచ్చిన అంకెల్ని చూసి మురిసిపోకూడదు. అది ఉన్న ఫ్రేముల మధ్య కొత్తవి కల్పించి పెడుతుంది, మౌస్ కదిపినప్పుడు వచ్చే ఆలస్యాన్ని తగ్గించదు. అసలు ఫ్రేములు 60 దగ్గర ఉంటే బాగుంటుంది, 30 మీద పెడితే అంకె గొప్పగా ఉంటుంది, చేతికి మాత్రం బరువుగానే తెలుస్తుంది. కంపెనీల ప్రచార గ్రాఫులు ఎక్కువగా ఈ కల్పిత ఫ్రేములతోనే పొడుగ్గా కనపడతాయి.

ప్రాసెసర్ విషయంలో బడ్జెట్ బిల్డ్‌కి 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఉంటే చాలు. రైజెన్ 5 5600, ఐ5 12400ఎఫ్, కాస్త పైకెళ్తే రైజెన్ 5 7600, ఈ వరసలో ఏదైనా మధ్యతరగతి కార్డ్‌ని హాయిగా మోస్తుంది. ప్రాసెసర్ కార్డ్‌ని వెనక్కి లాగుతోందా లేదా అని తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది: గేమ్‌లో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడాలి, ఫ్రేములు ఎగిరి గంతేస్తే అప్పటిదాకా ఆపింది కార్డ్, కదలకుండా అక్కడే ఉంటే ఆపుతున్నది ప్రాసెసర్. సెట్టింగ్స్ తగ్గిస్తే కార్డ్ మీద భారం బాగా తగ్గుతుంది, ప్రాసెసర్ మీద అంతగా తగ్గదు. అందుకే మరీ 4 కోర్ల ప్రాసెసర్ దగ్గర ఆగిపోకుండా 6కి రావడం మంచిది.

ఈ వరసలోనే ఉన్న ఒక ఉచ్చు మాత్రం దగ్గరగా చూడాలి. రైజెన్ 5 5500, రైజెన్ 5 5600. పేరులో వంద తేడా, రెండిటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, 5500 కాస్త చవక, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. గేములకి క్యాష్ అంటే ప్రాణం. రెండోది, 5500 పీసీఐఈ (కార్డ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా వెళ్లే దారి) 3.0 వరకే ఇస్తుంది, 5600 అయితే 4.0 ఇస్తుంది. మామూలుగా అయితే అదేమంత పెద్ద తేడా కాదు, కానీ ఆర్టీఎక్స్ 4060, ఆర్ఎక్స్ 7600 లాంటి కార్డులు 16 లేన్లకి బదులు 8 లేన్లతోనే వస్తాయి. ఆ 8 లేన్లు 3.0లో నడిస్తే దారి వెడల్పు సగమైపోతుంది. పైన చెప్పిన వీర్యామ్ నిండిపోయే సమస్య గుర్తుందిగా, నిండినప్పుడు కార్డ్ అటూ ఇటూ డేటా మోసేది ఈ దారిలోనే. విడివిడిగా చూస్తే మూడూ చిన్న లోపాలే, ఒకే పీసీలో కలిస్తే మాత్రం గేమ్ మధ్యలో జర్క్‌లు ఎందుకొస్తున్నాయో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే మరీ 4 లేన్లే, మెమరీ 4 జీబీ. పాత బోర్డులో దాన్ని పెట్టడం అంటే డబ్బులిచ్చి సగం కార్డ్ కొన్నట్టే.

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ఎలాగూ కార్డ్ కొంటున్నాం కాబట్టి చవకగా వచ్చే ఎఫ్ వెర్షన్ మంచిదే, కార్డ్ చెడిపోయిన రోజు మాత్రం తెర మీద బొమ్మే రాదు. కార్డ్‌కి ఇప్పుడు డబ్బుల్లేవు, కొన్ని నెలల తర్వాత కొంటాను అనుకునేవాళ్లకి 8600జీ లాంటి జీ సిరీస్ రైజెన్‌లు ఉన్నాయి. ఈ-స్పోర్ట్స్ గేములు తక్కువ సెట్టింగ్స్‌లో బాగానే నడుపుతాయి. కాకపోతే ఈ సిరీస్‌లోదే అయిన 5600జీలో కూడా ఎల్3 16 ఎంబీ, పీసీఐఈ 3.0 సంగతే, తర్వాత కార్డ్ పెట్టుకున్నా 5600 అంత ఇవ్వదు.

ఏ సాకెట్ అన్నది మార్చడం కష్టమైన నిర్ణయాల్లో మొదటిది. 2017లో మొదటి రైజెన్‌తో పాటు ఏఎం4 (ఏఎండీ సాకెట్) బోర్డ్ కొన్నవాళ్లలో చాలామంది బయోస్ (బోర్డుని నడిపే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకోగలిగారు. ఐదేళ్లు, ఒకే మదర్‌బోర్డ్. ఇప్పుడు ఏఎం4 దారి దాదాపు అయిపోయింది, ఇంటెల్ ఎల్‌జీఏ 1700 కూడా 14వ తరంతో ఆగిపోయి 2024లో కొత్త సాకెట్ వచ్చింది. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5కి 2027 దాకా, ఆపైన కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. దీన్నిబట్టి ఏఎం5 ఒక్కటే కరెక్ట్ అనడం తొందరపాటు. తర్వాత ప్రాసెసర్ మార్చే అలవాటు, ఆలోచన ఉంటే ఏఎం5కి అదనంగా పెట్టేది వసూలవుతుంది. నాలుగైదేళ్లు ముట్టుకోకుండా వాడి తర్వాత మొత్తం మార్చేసేవాళ్లకి ఏఎం4లో మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డ్‌లో పెట్టుకోవడమే లాభం. భవిష్యత్తు కోసం అని కొన్న బోర్డులో ఎప్పటికీ ఏమీ మార్చనివాళ్లు చాలామందే ఉంటారు మరి.

పైగా ఈ నిర్ణయానికి ర్యామ్ ధర ముడిపడి ఉంది. ఏఎం4కి డీడీఆర్4, ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దూరదు. ఎల్‌జీఏ 1700లో బోర్డుని బట్టి ఉంటుంది, కొనేముందు స్పెసిఫికేషన్ చదవాల్సిందే. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా ఎగరేసుకుపోవడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి, అంతకుముందు రాసుకున్న బడ్జెట్ లిస్టులన్నీ తారుమారయ్యాయి. ఇలాంటప్పుడు ఇంట్లో పాత పీసీలో మంచి డీడీఆర్4 ర్యామ్ ఉంటే ఆ ఒక్క కారణం చాలు ప్లాట్‌ఫామ్ నిర్ణయం మారిపోవడానికి. మామూలు రోజుల్లో 16 జీబీ కనీసం, 32 సౌకర్యం. ఏదైనా సరే ఒకే స్టిక్ కాకుండా రెండు స్టిక్స్‌గా తీసుకోవాలి, అప్పుడే డ్యుయల్ చానెల్‌లో (రెండు దారుల్లో ఒకేసారి) నడుస్తుంది. నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. వేగం అంకె ఒక్కటే చూడకూడదు, దాని పక్కన ఉండే సీఎల్ (అడిగిన డేటా ఇవ్వడానికి పట్టే ఆలస్యాన్ని చెప్పే అంకె) కూడా కలిపి చూడాలి: 3200 సీఎల్16, 3600 సీఎల్18, 6000 సీఎల్30 మూడిట్లోనూ ఆలస్యం 10 నానోసెకన్లే.

మదర్‌బోర్డ్‌లో మాత్రం లైట్లకీ, పేరుకీ డబ్బు పెట్టొద్దు. 65 వాట్ల ప్రాసెసర్‌కి బి సిరీస్ (మధ్యరకం) చిప్‌సెట్ ఉన్న మామూలు బోర్డ్ చాలు. కావాల్సిన స్లాట్లు, పవర్ భాగం మీద చిన్న హీట్‌సింక్, వీలైతే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసుకునే బటన్. ఈ బటన్ విలువ, కొత్త ప్రాసెసర్‌ని పాత స్టాకు బోర్డులో పెట్టి తెర నల్లగా ఉండిపోయినప్పుడు తెలుస్తుంది.

అందరూ చివర్లో చిల్లర డబ్బులతో కొనేది పవర్ సప్లై, అదే మనం ఎస్ఎంపీఎస్ అంటాం. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చింది కదా అని దాంతోనే నెట్టుకొచ్చే బిల్డులు కోకొల్లలు. దీని పక్కన ఉండే స్టిక్కర్‌ని ఒకసారి చదవాలి. పైన పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంటుంది. కింద చిన్న పట్టికలో 3.3, 5, 12 వోల్టుల లైన్లకి విడివిడిగా ఆంపియర్లు రాసి ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డ్, ప్రాసెసర్ రెండూ బతికేది 12 వోల్టుల మీదే. అక్కడ 25 ఆంపియర్లు అని ఉంటే 12ని 25తో గుణించండి, 300 వాట్లు. మిగతా 200 మన కార్డ్‌కి పనికిరాని లైన్ల మీద కాగితం మీద చూపించిన లెక్క. నిఖార్సైన 550 వాట్ల యూనిట్‌లో అదే గడిలో 45 దరిదాపుల్లో కనపడుతుంది, అంటే 540 వాట్లు. పేరు మీద తేడా 50 వాట్లే, అసలు తేడా 240.

ఎంత కావాలన్నది అంత కష్టమైన లెక్క కాదు. ఆర్టీఎక్స్ 4060 ఉన్న బిల్డ్ అనుకుందాం, కార్డ్‌కి 115 వాట్లు, 65 వాట్లు అని రాసిన రైజెన్ నిజంగా లాగేది 80, 90 దాకా, మిగతా అన్నిటికీ ఒక 50. మొత్తం 250 చిల్లర. కార్డులు క్షణాల పాటు ఎక్కువ లాగుతాయి, రేపు పెద్ద కార్డ్ పెట్టుకోవచ్చు, కాబట్టి మంచి 550 లేదా 650 సరిపోతుంది. 850 అవసరం లేదు. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెప్తాయి, లోపలి నాణ్యతకి అవి గ్యారంటీ కావు. వారంటీ ఎన్నేళ్లు, ఆ ఫలానా మోడల్‌ని ఎవరైనా విప్పి పరీక్షించారా అన్నది చూడటం మేలు. మంచిది కొంటే అదే యూనిట్ తర్వాతి పీసీలో కూడా పనికొస్తుంది. ఇంకో మాట, మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసుకోగలిగే) యూనిట్ల కేబుళ్లు ఒక కంపెనీవి ఇంకో కంపెనీదాంట్లో వాడొద్దు. ప్లగ్ సరిగ్గా పట్టినా లోపల వైర్ల వరస వేరేగా ఉండొచ్చు, ఎస్‌ఎస్‌డీలు కాలిపోవడానికి అది చాలు.

స్టోరేజ్ దగ్గర ఎక్కువ ఆలోచన వద్దు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ, పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ (బోర్డు మీదే గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ) 3500, 4.0 అయితే 7000 దాకా అని రాసి ఉంటుంది, కానీ గేమ్ లోడ్ అయ్యే టైమ్‌లో తేడా ఈ అంకెలంత ఉండదు. 1 టీబీ మామూలు ఎన్‌వీఎంఈ తీసుకుంటే చాలు, తక్కువ సైజులో వేగమైనదానికంటే అదే మేలు. ఒక్క గేమే 100 జీబీ దాటుతున్న రోజులివి.

క్యాబినెట్‌కి ముందువైపు జాలీ ఉండాలి. ముందు మూసేసిన గాజు, లోపల ఆరు రంగుల ఫ్యాన్లు పైన పటారం లోన లొటారం బాపతు, గాలి లోపలికి రాకపోతే ఆ ఫ్యాన్లు వేడి గాలినే తిప్పుతుంటాయి. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి, చాలు. కార్డ్ పొడవు పడుతుందో లేదో కొలతలు చూసుకోండి. 5600, 7600తో కూలర్ పెట్టెలోనే వస్తుంది, 7600ఎక్స్ లాంటివాటితో రాదు. లిక్విడ్ కూలర్ గురించి ఈ బడ్జెట్‌లో మాట్లాడుకోవడమే దండగ.

సెకండ్ హ్యాండ్‌లో ప్రాసెసర్ కొనడం దాదాపు నిశ్చింత, ఏఎం4 అయితే కింద పిన్నులు వంగలేదని చూసుకుంటే చాలు. గ్రాఫిక్స్ కార్డ్ అయితే కళ్లముందే కనీసం అరగంట గేమ్ నడిపించి, ఫ్యాన్ల చప్పుడు, వేడి చూసి కొనాలి. పవర్ సప్లై మాత్రం వాడినది వద్దు. చాలా చవకగా దొరికే పాత ఆఫీసు పీసీల్లో కార్డ్ పెట్టుకునే ఆలోచన ఒకప్పుడు బాగుండేది. ఇప్పుడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్ట్ ముగిసింది, విండోస్ 11కి టీపీఎం 2.0 (ఒక భద్రతా చిప్) కావాలి, బ్యాటిల్‌ఫీల్డ్ 6 లాంటి గేములు సెక్యూర్ బూట్ (బయోస్‌లోని ఒక భద్రతా సెట్టింగ్) లేకపోతే తెరుచుకోవు. దానికి తోడు ఆ పీసీల పవర్ సప్లైలు చాలావరకు కంపెనీ సొంత సైజువి, మార్చబోతే వేరేది పట్టదు.

కొనేటప్పుడు ఆఫర్ల కోసం ఒక్కో పార్ట్ నెలకొకటి చొప్పున కూడబెట్టడం మంచి ఆలోచనలా కనపడుతుంది కానీ, చివరి పార్ట్ వచ్చి అన్నీ బిగించేసరికి మొదట కొన్న బోర్డ్ చెడ్డదని తేలితే రిటర్న్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. డబ్బు పోగేసి అన్నీ ఒకే వారంలో కొని, మొదటి రోజే గట్టిగా పరీక్షించడం నయం. ఆ రోజే చేయాల్సినవి ఇంకో మూడున్నాయి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి, లేకపోతే 3200 ర్యామ్ కూడా 2133 దగ్గరో 2400 దగ్గరో పాకుతుంది. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కి కాకుండా గ్రాఫిక్స్ కార్డ్‌కి పెట్టాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 60 అని ఉన్నదాన్ని 144కి మార్చాలి, 144 మానిటర్ కొన్నంత మాత్రాన అది దానంతట అదే మారిపోతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.